కొవ్వు తీయించుకుంటే గుండెజబ్బు తప్పుతుందా?

గుడివాడ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు, వేయడం లేదు. ఉత్తరం ఇది:

"డాక్టరు గారికి నమస్కారములు. నా వయస్సు 47. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. బరువు 88 కిలోలు. మా అమ్మగారు గుండెపోటుతో పోయారు. నాకు నాలుగేళ్ళుగా బి.పి. ఉంది, మాత్రలు వాడుతున్నాను. షుగరు బోర్డరులో ఉందన్నారు. విజయవాడలో ఒకచోట పొట్టమీద కొవ్వును గొట్టం పెట్టి లాగేస్తారట. ఒక్కరోజులో ఏడెనిమిది కిలోలు తీసేస్తామన్నారు. మా తోడికోడలు చేయించుకుంది, జాకెట్టు రెండు సైజులు తగ్గింది. నేను గాజులు తాకట్టు పెట్టి డబ్బు సిద్ధం చేసుకున్నాను. కొవ్వు పోతే గుండెపోటు భయం పోయినట్లే కదా? ఆ తర్వాత బి.పి. మాత్రలు మానేయవచ్చా? మరో సంగతి. ఈ మధ్య మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. దవడ దగ్గర, వీపు మధ్యన పట్టేసినట్లుంటుంది. కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. గ్యాసు అనుకుని సోడా తాగుతున్నాను. ఒళ్ళు తగ్గితే అదీ తగ్గుతుందనుకుంటాను."

ఈమెకు పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగకుండా విడిగా వెంటనే సమాధానం పంపాను. ఎందుకో ఈ వ్యాసం చివర చెబుతాను. కాని ఆమె వేసిన ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు. ఇలాంటి ప్రశ్నతో చాలామంది అక్కచెల్లెళ్ళు ఉత్తరాలు రాస్తున్నారు. అందుకే అందరికీ కలిపి ఈ వారం ఈ విషయమే చెబుతున్నాను.

ఏమిటీ ఆపరేషను?

దీన్ని లైపోసక్షన్ అంటారు. చర్మం కింద ఉన్న కొవ్వులోకి ముందు ఉప్పునీరు, మత్తుమందు, రక్తనాళాలను కుదించే మందు కలిపి ఎక్కిస్తారు. తరువాత చిన్న గాటు పెట్టి, సన్నని గొట్టం దూర్చి కొవ్వును పీల్చేస్తారు. 1970ల చివర పారిస్‌లో ఇల్లూజ్ అనే సర్జన్ ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చారు. 1980ల మధ్యలో అమెరికాలో జెఫ్రీ క్లైన్ అనే చర్మవైద్యుడు మత్తుమందు నీళ్ళు ఎక్కించే పద్ధతి కనిపెట్టాక రక్తస్రావం బాగా తగ్గింది.

ఇది శరీరాకృతిని దిద్దే ఆపరేషను. బరువు ఇంచుమించు సరిగానే ఉండి, ఎంత ప్రయత్నించినా ఒకచోట పేరుకుపోయిన కొవ్వు కదలని వారి కోసం పుట్టింది. దీన్ని స్థూలకాయానికి చికిత్స అనరు. గుండెజబ్బుకు నివారణ అసలే అనరు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే డబ్బూ పోతుంది, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు వస్తుంది.

పరీక్షించి చూశారా?

చూశారు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ సామ్యూల్ క్లైన్ బృందం సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకుంది. వారి ఫలితాలు 2004 జూన్‌లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చాయి. 15 మంది స్థూలకాయులైన స్త్రీలను తీసుకున్నారు. 8 మందికి షుగరు లేదు, 7గురికి షుగరు వ్యాధి ఉంది. అందరికీ పొట్టమీద కొవ్వును పెద్ద ఎత్తున తీశారు. షుగరు లేనివారిలో సగటున 9 కిలోలు, షుగరు ఉన్నవారిలో 10 కిలోల పైన కొవ్వు పోయింది. అంటే ఒంట్లో ఉన్న మొత్తం కొవ్వులో దాదాపు అయిదో వంతు!

పది పన్నెండు వారాలు ఆగి మళ్ళీ పరీక్షలన్నీ చేశారు. రక్తపోటు తగ్గిందా? లేదు. రక్తంలో గ్లూకోజు, ఇన్సులిన్ తగ్గాయా? లేదు. కొలెస్టరాలు? లేదు. రక్తనాళాలను లోలోపల దెబ్బతీసే వాపును సూచించే పదార్థాలు? అవీ తగ్గలేదు. ఇన్సులిన్ మాట కండరాలు, లివరు వినడం మెరుగుపడిందా? అదీ లేదు. వీరిలో కొందరిని ఆ తర్వాత కొన్నేళ్ళపాటు గమనించి 2008లో మళ్ళీ ప్రకటించారు. అప్పుడూ అదే ఫలితం.

అంత కొవ్వు తిండి తగ్గించి, నడిచి పోగొట్టుకుని ఉంటే ఈ సూచికలన్నీ తప్పక మెరుగుపడేవి. కొవ్వు పోవడం ఒకటే, పోయిన దారి వేరు. గుండెకు కావలసింది ఆ దారి.

ఇతర దేశాల్లో కొన్ని చిన్న అధ్యయనాల్లో వాపు సూచికలు కాస్త తగ్గినట్లు కనిపించిన మాట నిజమే. కాని ఈ ఆపరేషను వల్ల గుండెపోట్లు తగ్గాయని చూపించిన పరిశోధన లేదు.

ఎందుకిలా జరుగుతుంది?

మన డెల్టా రైతు ఇంటిని గుర్తు తెచ్చుకోండి. పంట ఇంటికొస్తే ధాన్యం గాదెలో పోస్తారు. గాదె నిండే వరకు ఇబ్బంది లేదు. గాదె నిండాక కూడా బస్తాలు వస్తూనే ఉంటే వసారాలో, తరువాత వంటింట్లో, చివరకు దేవుడి గదిలో కూడా వేస్తారు. ఇక ఇంట్లో మసలడానికి దారి ఉండదు.

చర్మం కింద కొవ్వు గాదెలో ధాన్యం వంటిది. చేతికి చిక్కేది, చీర కట్టినప్పుడు కనిపించేది అదే. పొట్ట లోపల పేగుల చుట్టూ, లివరులో, కండరాల్లో పేరుకునే కొవ్వు వంటింట్లో పడ్డ బస్తాల వంటిది. బయటికి కనిపించదు. కాని దాని నుంచి వచ్చే కొవ్వు ఆమ్లాలు నేరుగా లివరుకు వెళ్ళి షుగరును, ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి. రక్తపోటుకు, రక్తనాళాలు పూడుకుపోవడానికి దారితీస్తాయి. లైపోసక్షన్ గొట్టం గాదెను మాత్రమే ఖాళీ చేస్తుంది. పొట్టకండరాల వెనక ఉన్న కొవ్వు జోలికి పోదు, పోకూడదు కూడా. అక్కడికి గొట్టం పోతే పేగుకు చిల్లు పడుతుంది.

ఇంకొక కారణం ఉంది. తిండి తగ్గించి బరువు తగ్గినప్పుడు ఒంట్లోని ప్రతి కొవ్వుకణమూ కొంత చిక్కుతుంది. ఉబ్బిన కణం చిక్కితే దాని ప్రవర్తన మారుతుంది. ఆపరేషనులో కొన్ని కణాలను తీసేస్తారు, మిగిలినవి ఉబ్బినవి ఉబ్బినట్లే ఉంటాయి.

తీసిన కొవ్వు మళ్ళీ రాదా?

వస్తుంది. అమెరికాలో కొలరాడో పరిశోధకులు 2011లో ప్రకటించిన అధ్యయనంలో, తుంటి, తొడల దగ్గర కొవ్వు తీయించుకున్న స్త్రీలకు ఏడాది తిరిగేసరికి ఒంట్లో కొవ్వు మొత్తం మొదటి స్థితికే వచ్చింది. తీసినచోట పెద్దగా రాలేదు, పొట్ట పైభాగానికి చేరింది!

బ్రెజిల్ పరిశోధకులు 2012లో మరో సంగతి చెప్పారు. మామూలు బరువున్న 36 మంది స్త్రీలకు పొట్టమీద కొద్దిగా కొవ్వు తీశారు. వ్యాయామం చేయని వారిలో ఆరు నెలలకు పొట్ట లోపలి కొవ్వు 10 శాతం పెరిగింది. వ్యాయామం చేసినవారిలో పెరగలేదు. గాదె తీసేశారు గాని పంట రావడం ఆగలేదు. మరి బస్తాలు ఎక్కడికి పోతాయి? వంటింట్లోకే.

మనకు ఈ భయం ఎందుకు ఎక్కువ?

గుండెజబ్బు పట్నవాసపు జబ్బు అనుకునే రోజులు పోయాయి. మన పక్కనే ఉన్న ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో 2003 అక్టోబరు నుంచి ఏడాదిపాటు జరిగిన మరణాలకు కారణాలు సేకరించారు. మొత్తం 1354 మరణాల్లో 32 శాతం గుండెజబ్బులు, పక్షవాతం వంటి రక్తప్రసరణ జబ్బుల వల్లనే. అన్ని కారణాల్లోకీ అదే మొదటిది. మన కృష్ణా డెల్టా తిండి, నీళ్ళు, పని పద్ధతులు వేరేమీ కావు. కాలవ కింద తెల్లని సన్నబియ్యం, పొలంలో యంత్రాలు, ఇంట్లో మిక్సీ, వాకిట్లో స్కూటరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36 శాతం మంది అధిక బరువు లేక స్థూలకాయం ఉన్నవారే.

దానికి తోడు మన భారతీయుల శరీరతత్త్వం వేరు. చూడటానికి సన్నగా ఉన్నా పొట్ట లోపల కొవ్వు ఎక్కువ. 2004లో పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ ఒక ఫోటో ప్రచురించారు. ఇద్దరిదీ ఎత్తుకు తగిన బరువు లెక్క ఒకటే, 22.3. కాని యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం! అందుకే మన స్త్రీలకు బరువుకన్నా నడుము కొలత ముఖ్యం. అది 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటకూడదు. పురుషులకు 90 సెంటీమీటర్లు. లంగా బొందు కట్టేచోట కొలవకండి. నిలబడి, ఊపిరి వదిలి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన టేపు పెట్టి కొలవండి. ముట్లు ఆగిపోయే వయస్సులో తుంటి, తొడల దగ్గర చేరే కొవ్వు పొట్టకు చేరడం మొదలవుతుంది. నలభై దాటిన ప్రతి స్త్రీ ఆరు నెలలకోసారి ఈ కొలత చూసుకోవాలి.

ఆపరేషనులో ప్రమాదం లేదా?

అనుభవజ్ఞుడైన ప్లాస్టిక్ సర్జన్, అన్ని వసతులూ ఉన్న ఆసుపత్రిలో, తగిన మనిషికి చేస్తే ప్రమాదం తక్కువే. కాని లేదని చెప్పకూడదు. కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరవచ్చు. కొవ్వు ముక్కలే రక్తంలోకి పోవచ్చు. మత్తుమందు మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. చీము పట్టవచ్చు. ఒకేసారి 5 లీటర్లకు మించి తీస్తే ఒంట్లో నీరు, లవణాలు తారుమారవుతాయి. అలాంటివారిని ఆసుపత్రిలో ఉంచి రాత్రంతా కనిపెట్టి ఉండాలి. స్థూలకాయం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారికి ఈ ప్రమాదాలన్నీ పెరుగుతాయి. అంటే గుండెకు భయపడి ఆపరేషనుకు వెళ్ళేవారికే అది ఎక్కువ ప్రమాదం!

మన తెలుగు సినిమా నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31వ ఏట మరణించినప్పుడు, అంతకు కొద్ది వారాల ముందు ఆమె కొవ్వు తీయించుకున్నారని పత్రికల్లో వచ్చింది. ఆమెకు ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది ఉండేదనీ రాశారు. ఆ ఆపరేషను వల్లనే మరణం సంభవించిందని నేను అనడం లేదు, అలా తేల్చలేము. కాని ఊపిరి, గుండె సరిగా లేనివారు ఇటువంటి ఆపరేషన్లకు తొందరపడకూడదని మాత్రం అందరూ గుర్తుంచుకోవాలి.

ఇంకో రకం ఆపరేషను మాటేమిటి?

కొందరు దీన్నీ, పొట్ట సంచిని చిన్నది చేసే బేరియాట్రిక్ ఆపరేషన్నూ ఒకటే అనుకుంటారు. రెండింటికీ పోలిక లేదు. ఇక్కడ కొవ్వును కోయరు. జీర్ణాశయాన్ని చిన్నది చేస్తారు, లేదా తిండి పోయే దారి మారుస్తారు. దాంతో ఆకలి తగ్గి, తిండి తగ్గి, లోపలి కొవ్వు, లివరు కొవ్వు కూడా కరుగుతాయి. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగు వేల మందికి పైగా స్థూలకాయులను ఏళ్ళ తరబడి గమనించారు. ఈ ఆపరేషను చేయించుకున్నవారిలో గుండెజబ్బు, పక్షవాతాల మరణాలు మిగిలినవారిలో కంటే సగానికి దగ్గరగా తగ్గాయని 2012లో ప్రకటించారు. అయితే ఇది పెద్ద ఆపరేషను. జన్మంతా విటమిన్లు, పరీక్షలు తప్పవు. బరువు బాగా ఎక్కువై, ఇతర ప్రయత్నాలు ఫలించని వారికే చేస్తారు.

ఆకలి తగ్గించే కొత్త ఇంజెక్షన్లూ వచ్చాయి. వాటిలో సెమాగ్లుటైడ్ అనేది, అధిక బరువుతో పాటు ముందే గుండెజబ్బు ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలను 20 శాతం తగ్గించిందని 2023లో తేలింది. ఇవి డాక్టరు పర్యవేక్షణలో వాడవలసినవి. మందుల షాపులో అడిగి కొనుక్కునేవి కావు.

మరి ఏం చేయాలి?

మన పొరుగునే, చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం చేసిన పరిశోధన చెబుతాను. షుగరు బోర్డరులో ఉన్న 531 మందిని తీసుకుని, కొందరికి తిండి, నడక గురించి క్రమంగా సలహాలిచ్చారు. రెండున్నరేళ్ళ తర్వాత చూస్తే, సలహా పాటించిన గుంపులో షుగరు వ్యాధి రావడం 28.5 శాతం తగ్గింది. విచిత్రమేమంటే వారి బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు! 2006లో ఇది ప్రకటించారు. సెయింట్ లూయిస్‌లో పది కిలోల కొవ్వు తీసినా ఒంట్లో మార్పు లేదు. చెన్నైలో బరువు తగ్గకపోయినా మేలు జరిగింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించండి.

బరువు తగ్గితే మరీ మంచిది. అయితే 88 కిలోలున్నవారు 55 కిలోలకు రావాలని లేదు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, షుగరు, ట్రైగ్లిజరైడ్లు మెరుగుపడతాయి. అంటే ఆరు నెలల్లో నాలుగున్నర కిలోల నుంచి తొమ్మిది కిలోల లోపు. ఇది ఇంట్లోనే సాధ్యం.

అన్నం గిన్నెతో కొలిచి ఒక్కసారే వడ్డించుకోండి. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పప్పు, గుడ్డు, చేప, మజ్జిగ మానవద్దు. వేపుడు వారానికి ఒకసారి చాలు. నూనె, నెయ్యి అన్నీ కలిపి మనిషికి రోజుకు 25 గ్రాముల లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు మూడు కిలోలు. మీ ఇంట్లో ఎంత అవుతోందో కిరాణా చీటీ తీసి చూడండి. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు. ఆవకాయ, అప్పడం, వడియాలలో ఉప్పూ ఈ లెక్కలోదే. సాయంత్రం పునుగులు, బజ్జీలు, పండగ పోయాక కూడా డబ్బాలో మిగిలిన అరిసెలు, బందరు లడ్లు - వీటిని పిల్లలు వదిలేశారని తల్లి తినడం మానాలి. చాలామంది ఇల్లాళ్ళకు బరువు పెరిగేది ఇక్కడే.

వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట చురుకుగా నడవండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ వేగం. బెజవాడ ఎండల్లో తెల్లవారుజామునే ముగించండి. స్టేడియమైనా, కాలవగట్టయినా, మేడమీదయినా ఫరవాలేదు. ఇంటిపని చేస్తున్నాం కదా అనకండి, ఆగి ఆగి చేసే పని నడకకు సాటి రాదు.

నడుము రెండు అంగుళాలు తగ్గిందని బి.పి. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. రక్తపోటు తగ్గితే డాక్టరే మోతాదు తగ్గిస్తారు.

ఇన్ని చెప్పాక కూడా ఆకారం కోసం కొవ్వు తీయించుకోవాలనుకుంటే అది మీ ఇష్టం, తప్పేమీ కాదు. కాని ముందు ఇవి అడగండి. చేసేది అర్హత ఉన్న ప్లాస్టిక్ సర్జనేనా? మత్తు ఇచ్చే డాక్టరు ఆపరేషను పూర్తయ్యేదాకా పక్కన ఉంటారా? ఎన్ని లీటర్లు తీస్తారు? రాత్రి ఏదైనా అయితే అదే ఆసుపత్రిలో అత్యవసర వార్డు ఉందా? జవాబు సూటిగా రాకపోతే లేచి వచ్చేయండి. "గుండెకు మంచిది" అని ఎవరైనా చెబితే మరీ తొందరగా లేచి రండి.

గుడివాడ సోదరికి

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది మీ 88 కిలోలు కాదు. చివర్లో రాసిన రెండు మాటలు. మెట్లెక్కితే ఆయాసం, దవడ, వీపు పట్టేయడం, కూర్చుంటే తగ్గడం. సినిమాల్లో లాగా గుండె పట్టుకుని పడిపోతేనే గుండెజబ్బు అనుకుంటారు. స్త్రీలలో చాలాసార్లు అలా రాదు. దవడ, మెడ, వీపు, భుజం, పొట్ట పైభాగాన నొప్పి, ఆయాసం, చెమట, వికారం, అకారణ నీరసం - ఇలా వస్తుంది. గ్యాసు అనుకుని సోడా తాగి ఊరుకుంటారు. శ్రమపడినప్పుడు వచ్చి, విశ్రాంతితో తగ్గే నొప్పి ఎక్కడ వచ్చినా ముందు గుండెనే అనుమానించాలి. పైగా మీకు రక్తపోటు ఉంది, షుగరు దగ్గరలో ఉంది, తల్లికి గుండెపోటు వచ్చింది.

ఆ గాజుల డబ్బులో కొంచెం చాలు. రేపే గుండె డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఇ.సి.జి., ఎకో, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష, రక్తపరీక్షలు చేస్తారు. ఇ.సి.జి. మామూలుగా ఉందని అక్కడితో ఆగవద్దు, విశ్రాంతిగా ఉన్నప్పుడు తీస్తే మామూలుగానే ఉండవచ్చు. మెట్లెక్కినప్పటి సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. నేను పైన చెప్పిన నడక కూడా ఆయన సరేనన్న తర్వాతే మొదలుపెట్టండి. ఈలోగా విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా నొప్పి వచ్చినా, పదిహేను నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా ఎవరి కోసమూ చూడకండి. 108కి ఫోను చేయించండి. స్కూటరు వెనక కూర్చుని వెళ్ళకండి.

గుండె సంగతి తేలాక, నడుముకు టేపు పెట్టి కొలిచి, ఆ అంకె ఒక కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించండి. ఆరు నెలల తర్వాత రెండో అంకె నాకు రాసి పంపండి. తాకట్టు పెట్టిన గాజులు విడిపించుకుని తొడుక్కున్నారని కూడా రాయండి, సంతోషిస్తాను.